మార్లిన్ కోసం రెండు దీవులు: బ్లాక్ రివర్, కోనా పడవల అనుభవాలు

ఈటెలాంటి ముక్కున్న పెద్ద సముద్రపు చేప మార్లిన్ కోసం రెండు వేర్వేరు సంవత్సరాల్లో రెండు దీవులకు వెళ్లి, మొత్తం ఐదు రోజులు సముద్రం మీద గడిపాను. మొదటిది మారిషస్ నైరుతి తీరంలోని బ్లాక్ రివర్, రెండోది హవాయి పెద్ద దీవిలోని కోనా. ఐదు రోజుల్లో నా గాలానికి తగిలి పడవ పక్క దాకా వచ్చిన మార్లిన్ ఒక్కటే. ఈ లెక్కను ముందే చెబుతున్నాను, ఎందుకంటే పడవల ప్రకటనల్లోని ఫొటోలు చూసి, అద్దె కట్టగానే చేప ఖాయమనుకునేవారు చాలామంది ఉన్నారు. మొదటిసారి నేనూ అలాగే అనుకున్నాను. మనం డబ్బు కట్టేది ఒక కెప్టెన్, ఒకరిద్దరు సహాయకులు ఒక రోజంతా పడే శ్రమకు. ఆ శ్రమ ఎక్కడ ఎలా సాగిందో చూసే ఈ రెండు చోట్లనూ బేరీజు వేస్తున్నాను.

రెండు చోట్లా పడవలు నిలిచేది దీవికి పడమటి వైపే కావడం కాకతాళీయం కాదు. హవాయిలో ఈశాన్యం నుంచి వీచే వాణిజ్య పవనాలను 2,521 మీటర్ల హువలాలయీ, 4,169 మీటర్ల మౌనా లోవా పర్వతాలు అడ్డుకోవడం వల్ల కోనా ముందున్న నీరు చాలా రోజులు చెరువులా ఉంటుంది. మారిషస్‌లో గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది. అక్కడి కొండలు కూడా పడమటి తీరానికి అదే మేలు చేస్తాయి. పైగా రెండూ అగ్నిపర్వతాలు పుట్టించిన దీవులు కనుక సముద్రపు అడుగు తీరానికి దగ్గరలోనే ఒక్కసారిగా దిగిపోతుంది. కోనాలో కొద్ది మైళ్లు వెళ్లేసరికి లోతు 1,800 మీటర్లకు చేరుతుంది. లోతు నీరు దూరంగా ఉన్న తీరాల్లో ఎనిమిది గంటల అద్దెలో మూడు నాలుగు గంటలు రాకపోకలకే ఖర్చవుతాయి. ఇక్కడ రేవు దాటిన అరగంటలో ఎరలు నీటిలో పడతాయి. నల్ల మార్లిన్‌కు పేరుపడ్డ ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ గురించి కూడా ఆలోచించాను. 1966లో అక్కడ వెయ్యి పౌండ్లు దాటిన చేప గాలానికి చిక్కినప్పటి నుంచి ఆ ఊరి పేరు మారుమోగుతోంది. అయితే సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా సాగే ఆ వేట ఎక్కువగా దూరపు పగడపు దిబ్బల దగ్గర, రాత్రిళ్లు కూడా పెద్ద పడవ మీదే బస చేస్తూ రోజుల తరబడి సాగుతుంది. సముద్రపు కుదుపులకు వికారం పుట్టే నాలాంటివాడికి అది తొలి ప్రయత్నంగా తగదని వదులుకున్నాను.

మారిషస్‌కు డిసెంబరులో వెళ్లాను. అక్కడ నీలి మార్లిన్ కాలం దాదాపు నవంబరు నుంచి మార్చి వరకు. తుపానుల కాలం కూడా అదే. అందువల్ల వాతావరణం బాగాలేక పడవ కదలకపోతే బయానా తిరిగి ఇస్తారా, మరో రోజుకు మారుస్తారా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవడం తప్పనిసరి. విమానాశ్రయం ఆగ్నేయ మూలన, బ్లాక్ రివర్ నైరుతిలో ఉండటంతో రోడ్డు ప్రయాణానికి సమయం పడుతుంది కనుక, దిగిన మరుసటి ఉదయమే పడవ పెట్టుకోవద్దని నా సలహా. రేవుకు నడిచి వెళ్లగలిగే దూరంలో గది తీసుకున్నాను. గదికి లోటేమీ లేదు, కానీ ఉదయపు ఫలహారం ఏడు గంటలకు మొదలవుతుంది, పడవ ఆరింటికే బయలుదేరుతుంది. ముందురోజు సాయంత్రమే పొట్లం కట్టి ఇమ్మని అడిగితే ఇచ్చారు. అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు.

మొదటి రోజు పడవను బస చేసిన చోటి కౌంటరు ద్వారానే మాట్లాడుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు. పడవ మొత్తం నాకే అనుకుని వెళ్లగా, అప్పటికే మరో నలుగురు అందులో కూర్చుని ఉన్నారు. సగం రోజు అద్దె, ఐదుగురం, పెద్ద చేపను లాగడానికి కూర్చునే కుర్చీ ఒకటే. వంతులు వేసుకుంటే నా వంతు పదిన్నర నుంచి పదకొండున్నర వరకు వచ్చింది. ఆ గంటలో ఏదీ తగలలేదని నాకు ఫిర్యాదు లేదు. నన్ను బాధపెట్టింది సామగ్రి. గాలపు కర్ర చివరన దారం జారడానికి ఉండే చిన్న కప్పీ ఉప్పు పట్టి తిరగడం మానేసింది. వేలితో తోసి చూస్తే కదల్లేదు. దారం దాని మీద ఒరుసుకుంటూ పోవడం వల్ల ఒకచోట నూగులా లేచి ఉంది. అటువంటి దారానికి రెండు వందల కిలోల చేప తగిలితే ఏమవుతుందో చెప్పడానికి అనుభవం అక్కర్లేదు. సహాయకుడికి చూపిస్తే ఆయన తల ఊపి, తిరిగి ఫోనులో మునిగిపోయాడు. దారిలో ఇద్దరికి తగిలిన మహీమహీ చేపలను రేవులో దిగగానే పడవవాళ్లే తీసుకుపోయారు. పట్టినవాళ్లు అడిగేలోపే ఐస్ పెట్టె మూత పడింది.

ఆ సాయంత్రం రేవులోనే తిరిగి, పడవలు కడుగుతున్నవాళ్లతో మాట్లాడి, మరుసటి రోజుకు ఒక కెప్టెన్‌తో నేరుగా కుదుర్చుకున్నాను. రీళ్లన్నీ మంచినీటితో కడిగి, గుడ్డతో తుడిచి, డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి పెడుతున్న మనిషి ఆయన ఒక్కడే కనిపించాడు. డ్రాగ్ అంటే చేప లాగినప్పుడు దారం ఎంత బిగువున వదలాలో నియంత్రించే బ్రేకు. రాత్రంతా బిగించి ఉంచితే అందులోని పలకలు అంటుకుపోతాయి. ఆ ఒక్క పని చూసి ఆయనను నమ్మాను, ఆ నమ్మకం వమ్ము కాలేదు. ఉదయం ముందుగా చిన్న ఎరలతో బొనీటో చేపలను పట్టి, నీరు ఎగజిమ్మే గొట్టాల్లో వాటిని తలకిందులుగా ప్రాణంతో ఉంచి, ల మోర్న్ కొండకు ఎదురుగా ప్రవాహం మలుపు తిరిగే చోట ఒకదాన్ని గాలానికి కట్టి నెమ్మదిగా లాగించారు. ల మోర్న్ కొండ 556 మీటర్ల ఎత్తుతో నిటారుగా నిలుచుని ఉంటుంది కనుక పడవ ఎక్కడుందో కొత్తవారికి కూడా ఇట్టే తెలుస్తుంది. మధ్యాహ్నం ఒక మార్లిన్ ఎరను పట్టింది, రెండుసార్లు గాలిలోకి లేచింది, మూడోసారి తల విదిల్చి గాలాన్ని ఊడబెరుక్కుంది. అంతా కలిపి నిమిషం కూడా లేదు. అయినా మొదటి రోజుతో పోలిస్తే ఆ రోజు నాకు దక్కినది చాలా ఎక్కువ.

ఏడాదిన్నర తర్వాత జూలైలో కోనాకు వెళ్లాను. అక్కడ నీలి మార్లిన్ ఏడాది పొడవునా ఉన్నా, వేసవి నెలల్లో అవకాశం ఎక్కువ. పడవలన్నీ హోనోకొహౌ రేవులో ఉంటాయి, బసలేమో అక్కడికి దక్షిణాన కైలువా-కోనా పట్టణంలో ఉంటాయి. తెల్లవారకముందే రేవుకు చేరాలి కనుక అద్దె కారు లేకుండా కుదరదు. సముద్రం ఎదుట ఉన్న ఖరీదైన గదికన్నా వంటగది, గుడ్డలు ఉతికే యంత్రం ఉన్న వాటానే నయమని తేల్చుకున్నాను. మొదటి రోజు సాయంత్రానికే నా బట్టలు ఉప్పుతో అట్ట కట్టాయి. అక్కడి మామూలు చార్టర్ (అద్దె) పడవలు ఆరుగురికి మించి ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. నాలుగు గంటలు, ఆరు గంటలు, పూర్తి రోజు అని అద్దెలు ఉంటాయి. నాలుగు గంటల అద్దె మార్లిన్ కోసం వచ్చినవారికి వృథా అన్నది నా అభిప్రాయం.

నేను ఎంచుకున్న పడవ కెప్టెన్ బయలుదేరేముందే మూడు ప్రశ్నలు అడిగారు. చేపను ఉంచుకుంటారా, వదిలేస్తారా? రికార్డు నియమాల ప్రకారం పట్టాలనుకుంటున్నారా? వికారానికి మాత్ర రాత్రే వేసుకున్నారా? మూడో ప్రశ్న తక్కువదేమీ కాదు, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర పెద్దగా పనిచేయదు. రెండో ప్రశ్నకు అర్థం ఆ తర్వాత తెలిసింది. 1939లో ఏర్పడిన అంతర్జాతీయ క్రీడా మత్స్య సంఘం నియమాల ప్రకారం చేప తగిలిన తర్వాత మరొకరు కర్రను గానీ రీలును గానీ ముట్టుకుంటే ఆ చేప రికార్డుకు అర్హం కాదు. 1970లో హవాయిలోనే ఓవాహు దీవి దగ్గర ఒక చార్టర్ పడవ 1,805 పౌండ్ల మార్లిన్‌ను తెచ్చింది, అంటే సుమారు 819 కిలోలు. దాన్ని ఒకరి తర్వాత ఒకరు మార్చి మార్చి లాగడం వల్ల పుస్తకాలకు ఎక్కలేదు. పసిఫిక్ నీలి మార్లిన్‌కు గుర్తింపు పొందిన రికార్డు 1982లో కోనాలోనే పట్టిన 1,376 పౌండ్లది. నాకు రికార్డుల ఆశ లేదు, కానీ కర్రను సహాయకుడు తీసి నా చేతికి అందించడం ఇష్టం లేదని చెప్పాను, వారు దాన్ని చివరిదాకా పాటించారు.

మొదటి రెండు రోజులు ఒక టూనా, రెండు వాహూ చేపలు తప్ప మరేమీ లేదు. ఏడెనిమిది నాట్ల (గంటకు సుమారు 13-15 కిలోమీటర్ల) వేగంతో ఐదు కృత్రిమ ఎరలను నురుగులో ఈడ్చుకుంటూ గంటల కొద్దీ తిరగడం విసుగు పుట్టించే పనే. అయితే ఆ గంటల్లో సహాయకుడు ఒక్కసారి కూడా కూర్చోలేదు. ప్రతి ఇరవై నిమిషాలకు ఎరల మీద చిక్కిన నాచును తీసేవాడు, అల దిశ మారినప్పుడల్లా దూరాలు సరిచేసేవాడు, గాలం మొనను గోటి మీద గీసి చూసి ఆకురాయి పెట్టేవాడు. బ్లాక్ రివర్‌లోని మొదటి పడవకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

మూడో రోజు ఉదయం తొమ్మిదింటికి దారాలను పడవకు దూరంగా చాచి ఉంచే కుడివైపు గడ నుంచి దారం ఫట్‌మని ఊడింది, రీలు కేకపెట్టింది. మిగతా దారాలన్నీ చుట్టేలోపు నా రీలు నుంచి మూడు నాలుగు వందల మీటర్లు వెళ్లిపోయింది. కుర్చీలో కూర్చుని, నడుము వెనుక పట్టీని రీలుకు తగిలించుకుని, కాళ్లతో తన్నిపెట్టి వెనక్కి ఒరగడం, ముందుకు వంగుతూ చుట్టడం, ఇదే యాభై నిమిషాలు. చేతులతో లాగితే పది నిమిషాల్లో పని అయిపోతుంది, చేపది కాదు, మనది. కెప్టెన్ పైనుంచి, “తొందరపడకండి, అది లాగుతున్నప్పుడు చుట్టకండి” అని మాత్రం అంటూ ఉన్నారు. పడవ పక్కకు వచ్చినప్పుడు దాని రెక్కల అంచులు, ఒంటి మీది చారలు విద్యుద్దీపం వెలిగినట్టు నీలంగా మెరిశాయి; సహాయకుడు మందపు చేతొడుగులతో లీడర్‌ను, అంటే గాలానికి కట్టిన చివరి మందపు దారాన్ని, పట్టుకుని దాన్ని నీటిలోనే ఉంచాడు. నాలుగు వందల పౌండ్లు ఉంటుందని అంచనా వేశారు. మగ మార్లిన్లు 160 కిలోలు దాటడం అరుదు కనుక అది ఆడదేనని కెప్టెన్ అన్నారు. భుజం దగ్గర గుర్తింపు చీటీ గుచ్చి, పడవను నెమ్మదిగా ముందుకు నడుపుతూ మొప్పల గుండా నీరు పోనిచ్చి, అది తోక ఆడించాక వదిలేశారు. ఫొటోలో సగం చేప, సగం సహాయకుడి వీపు పడ్డాయి.

చేప ఎవరిదన్న విషయం కోనాకు వెళ్లేవారు తప్పక మాట్లాడుకోవాలి. అక్కడి చాలా పడవల్లో పట్టిన చేప పడవదే. 2012లో అమెరికా చేసిన చట్టం మార్లిన్ అమ్మకాన్ని నిషేధించినా, హవాయిలో పట్టినదాన్ని హవాయిలో అమ్ముకోవడానికి వెసులుబాటు ఉంది కనుక కొందరు కెప్టెన్లకు అది ఆదాయం. తప్పు పట్టను, కానీ వదిలేయాలనుకునేవారు రేవు దాటకముందే ఆ మాట చెప్పాలి. సిబ్బందికి పదిహేను నుంచి ఇరవై శాతం వరకు బహుమానం ఇవ్వడం కూడా అక్కడ మామూలే. ప్రకటించిన అద్దెలో అది కలిసి ఉండదు.

మళ్లీ ఒకే చోటికి వెళ్లమంటే కోనాకే వెళతాను, సిబ్బంది పనితనం, నిలకడైన సముద్రం అందుకు కారణాలు. కుటుంబంతో వెళ్లి, అందులో ఒకటి రెండు రోజులే గాలానికి కేటాయించేవారికి మాత్రం రేవు పక్కనే బస దొరికే బ్లాక్ రివర్ సుఖం, పడవను కౌంటరులో కాకుండా రేవులో వెతుక్కుంటే. కోనాలో నాలుగో రోజుకు కూడా పడవ ఖాళీగా ఉందని కెప్టెన్ చెప్పారు. అప్పటికి నా కుడిచేతి వేళ్లు నీళ్ల సీసా మూత కూడా తిప్పలేకపోతున్నాయి. ఆ రోజంతా నిద్రపోయాను.