చైనా ఎల్మ్ అని నెమలినార అంటగడుతున్నారు, డబ్బు కట్టే ముందు ఆకు చూడండి

గుంటూరు, విజయవాడల్లో అపార్టుమెంటు ఆవరణకు అలంకరణ చెట్లు వెతుకుతున్నవారు దయచేసి ఇది చదవండి. గుంటూరులో ఒక నర్సరీవారు చైనా ఎల్మ్ పేరు చెప్పి, దిగుమతి మొక్క ధర తీసుకుని, మా సంఘానికి నెమలినార మొక్కలు ఇచ్చారు. మన అడవుల్లో దానంతట అదే మొలిచే చెట్టు అది! అడగడానికి వెళితే, ‘దాన్నీ ఇండియన్ ఎల్మ్ అంటారు కదండీ’ అని బుకాయించారు. రెండూ ఒకే కుటుంబానివన్నది నిజమే. అంతమాత్రాన ఒకటి చూపించి మరొకటి ఇస్తారా? బిల్లు మీద చూస్తే ‘నీడ మొక్కలు’ అని మాత్రమే ఉంది.

అమ్మేటప్పుడు ఫోనులో బెరడు ఫొటో చూపిస్తారు. బూడిద, నారింజ, గోధుమ రంగుల మచ్చలతో పెచ్చులూడే అందమైన బెరడు. అది చైనా ఎల్మ్‌దే కానీ, బొటనవేలంత లావున్న మొక్కకు అలా ఉండదు. అందుకే ఆకును పట్టుకోండి. చైనా ఎల్మ్ ఆకు చిన్నది, సాధారణంగా 2 నుంచి 5 సెంటీమీటర్లు. అంచున రంపపు పళ్లుంటాయి, తొడిమ దగ్గర రెండు సగాలూ సమానంగా కలవవు. పళ్లు ఒక్కటే చూసి నమ్మకండి, లేత నెమలినార ఆకుకూ అవి ఉంటాయి. కానీ నెమలినార ఆకు అరచేతి పొడవు సాగుతుంది, నలిపితే ముక్కు మూసుకోవలసిందే.

నెమలినారను తప్పుపట్టడం లేదు. కాలువ గట్టున అది చల్లని నీడనిచ్చే మాను. 15 మీటర్లు దాటి పెరిగే ఆ చెట్టును ప్రహరీ పక్కన నాటిస్తే రేపు గోడకు దిక్కెవరు? దాని పుప్పొడి ఉబ్బసం ఉన్నవారికి పడదు కూడా.

బోన్సాయ్ కుండీల్లోనూ ఇదే తంతు. మెరిసే ముదురాకుల మీద తెల్లని చుక్కలు, తెల్లపూలు, ఎర్రని పండ్లు ఉంటే అది కార్మోనా అనే వేరే మొక్క, ఎల్మ్ కాదు.

అసలైన మొక్కే దొరికినా మే నెల ఎండకు వదిలేయకండి. అది చైనా, కొరియా, జపాన్‌ల చెట్టు. తొలకరి తర్వాత నాటండి. మన నల్లరేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, గుంతలో ఇసుక, పశువుల ఎరువు కలపండి.

బిల్లు మీద చైనా ఎల్మ్ శాస్త్రీయ నామం ‘ఉల్మస్ పార్విఫోలియా’ అని రాయించుకోకుండా రూపాయి కూడా ఇవ్వకండి. మేము జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం. ఇలాగే నష్టపోయినవారు బిల్లులు, ఆకుల ఫొటోలు భద్రపరచి మాతో కలవండి.