అల్యూమినియం రేకు వెనుక పీవీసీ బోర్డు: ఒక చలికాలం తర్వాత నా అభిప్రాయం

న్యూజెర్సీలోని మా ఇంట్లో కిటికీలకు, గ్యారేజ్ తలుపుకు చుట్టూ ఉన్న చెక్క పట్టీలన్నిటికీ తెల్లని అల్యూమినియం రేకు తొడిగి ఉంది. పైకి మచ్చయినా కనిపించదు. గత వేసవిలో గ్యారేజ్ తలుపు పక్కనున్న పట్టీని అడుగుభాగాన వేలితో నొక్కితే రేకు మెత్తగా లోపలికి పోయింది. విప్పి చూస్తే, నేలనుంచి సుమారు అడుగున్నర ఎత్తు వరకు లోపలి పైన్ చెక్క చీకిపోయి, చేత్తో నలిపితే పొడిపొడి అయింది.

రేకు వానను తట్టుకుంటుంది కాని, మూలల అతుకుల్లోనుంచీ మేకుల రంధ్రాల్లోనుంచీ ఎలాగో లోపలికి చేరిన తడిని ఆరనివ్వదు. రంగు మాత్రమే వేసిన చెక్క తడిసినా గాలికి ఆరుతుంది; రేకు కింద ఉన్న చెక్కకు ఆ అవకాశం చాలా తక్కువ. అందువల్ల లోపల పెట్టే పలక తడిలో ఉన్నా చెడనిదై ఉండాలని నిశ్చయించుకున్నాను.

మొదట వచ్చిన పనివారు ప్రెషర్ ట్రీటెడ్ కలప, అంటే చీకకుండా ఒత్తిడితో మందు ఎక్కించిన కలప, వేద్దామన్నారు. చీకిపోదు కనుక అది సరైనదే అనిపిస్తుంది. అయితే అమెరికాలో 2003 చివర ఆర్సెనిక్ కలిసిన పాత రసాయనాన్ని ఇళ్ల కలపకు వాడటం మానేశాక వచ్చిన ఏసీక్యూ, కాపర్ అజోల్ వంటి మందుల్లో రాగి లోహం శాతం ఎక్కువ. రాగి, అల్యూమినియం తడిలో ఒకదాన్నొకటి తాకితే రేకే తినివేయబడుతుంది. తెల్లని పొడి పట్టి, సన్నని చిల్లులు పడతాయి. మధ్యలో రబ్బరు పొర అంటించవచ్చు కాని, ప్రతి మేకూ ఆ పొరను చీల్చుకునే పోతుంది. పైగా ఆ కలప తరచుగా పచ్చిగానే అమ్ముడవుతుంది, ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది.

చివరకు ముప్పావు అంగుళం మందమున్న సెల్యులార్ పీవీసీ బోర్డు (లోపల నురుగులా సన్నని గాలి గదులున్న ప్లాస్టిక్ పలక) తెచ్చాను. మామూలు రంపంతో చక్కగా తెగుతుంది, కోసిన అంచులకు ఏ పూతా అక్కర్లేదు, అడుగు కాంక్రీటును తాకినా నష్టం లేదు. స్టెయిన్‌లెస్ మేకులతో బిగించి, నునుపైన ముఖం బయటికి ఉంచి రేకు తొడిగించాము. మంచు కరిగిన నీళ్లు నెలల తరబడి అడుగున నిలిచినా, ఈ వసంతంలో రేకు అంచు ఎత్తి చూస్తే బోర్డు కొత్తదానిలాగే ఉంది. ఆ చోటికి ఇంతకన్నా మంచి సరుకు నాకు తెలియదు.

లోపం పొడవైన ముక్కల దగ్గర బయటపడింది. వేడికి పీవీసీ అల్యూమినియం కన్నా రెండు రెట్లకు పైగా సాగుతుంది: తలుపు పైనున్న 16 అడుగుల బోర్డు, చలికీ ఎండకూ మధ్య 60 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటే, అంగుళంలో మూడో వంతుకు మించి కదులుతుంది. మధ్యాహ్నం ఎండలో ఆ రేకు అలలు తేలుతోంది. ధర కూడా ప్రైమర్ పూసిన పైన్ కన్నా చాలా ఎక్కువ. ఇంటి పట్టీలు తెల్లనివే అయితే ఈ బోర్డుకు అసలు రేకే అవసరం లేదు; మిగిలిన కిటికీలతో కలవాలని మాత్రమే నేను తొడిగించాను.

వచ్చే నెల వెనుకవైపు కిటికీలకు, అడుగు పట్టీలకూ పక్క పట్టీలకూ ఇదే బోర్డు, చూరు నీడలో ఉండే పై పట్టీకి మాత్రం బాగా ఆరిన సెడార్ చెక్క వేయిస్తున్నాను. దాని మీద నీటిని బయటికి మళ్లించే రేకు ఉంటుంది. లోపలికి చేరిన తడి బయటికి పోయేలా, అడుగు అంచును మాత్రం ఈసారి కోల్క్‌తో (సందులు పూడ్చే మెత్తని పదార్థంతో) మూయనివ్వను.