ఎమ్మెల్యేల జీతం ఎవరు నిర్ణయిస్తే మేలు?

ఖజానా ఖాళీ అనే మాట ఏ పార్టీ అధికారంలో ఉన్నా వింటూనే ఉంటాం. డీఏ బకాయిలు అడిగితే ఖజానా ఖాళీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ అడిగితే ఖజానా ఖాళీ, ఆశా వర్కర్లు రోడ్డెక్కితే ఖజానా ఖాళీ. శాసనసభ్యుల జీతాల బిల్లు సభ ముందుకొచ్చిన రోజు మాత్రం ఆ మాట దాదాపు ఎవరి నోటా రాదు. పొద్దుట్నుంచీ ఒకరి మీద ఒకరు అరుచుకున్నవాళ్లు కూడా చాలాసార్లు సాయంత్రానికి ఒక్కటై మూజువాణి ఓటుతో పాస్ చేసేస్తారు. వాళ్లు జీతం తీసుకోవడం మీద నాకు కోపం లేదు. ప్రజాప్రతినిధికి మంచి జీతం ఉండాల్సిందే, లేకపోతే ఆస్తిపాస్తులున్నవాళ్లూ కాంట్రాక్టర్లూ తప్ప ఇంకెవరూ ఆ వైపు చూడరు. పొదుపు చేయాలని ఊరందరికీ చెప్పి, తమను మాత్రం ఆ లెక్కలోంచి తప్పించుకోవడమే నాకు మింగుడుపడదు.

చట్టసభ సభ్యుల జీతం నిర్ణయించడానికి ఇప్పటిదాకా ప్రధానంగా నాలుగు పద్ధతులున్నాయి. సభ్యులే పెంచుకోవడం, ధరల సూచీకి కట్టేయడం, ఇప్పుడు పెంచినా వచ్చే సభకే వర్తించేలా చేయడం, బయటి సంస్థకు అప్పగించేయడం. నాలుగూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది మన రాష్ట్రాల్లో నడుస్తున్నది. రాజ్యాంగం 195వ అధికరణం ప్రకారం ఎమ్మెల్యేల జీతాన్ని శాసనసభే చట్టం చేసి నిర్ణయిస్తుంది. 2016 మార్చిలో తెలంగాణలో ఎమ్మెల్యే నెల జీతభత్యాలు 95 వేల నుంచి రెండున్నర లక్షలకు పెరిగాయి. జిల్లాలకు జిల్లాల్లో మండలాలను కరువు మండలాలుగా ప్రకటించిన సీజన్‌లోనే ఇది జరిగింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ కూడా పెంచుకుంది, 1.25 లక్షలకు. రెవెన్యూ లోటులో ఉన్నాం, ఆదుకోండి అని కేంద్రాన్ని అడుగుతున్న రాష్ట్రం అది. 2017 జులైలో తమిళనాడు 55 వేల నుంచి 1.05 లక్షలు చేసింది, అప్పుడు ఆ రాష్ట్ర రైతులు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ఎండలో కూర్చుని ఉన్నారు. 2025 మార్చిలో కర్ణాటక అయితే సభలో వేరే గొడవ నడుస్తుండగానే, చర్చ లేకుండానే, ఎమ్మెల్యేల మూల వేతనాన్ని 40 వేల నుంచి 80 వేలకు పెంచేసింది. పార్టీ పేరు మార్చి చూడండి, కథ మారదు.

కానీ జీతం అంకె కంటే అది కట్టిన తీరు చూడాలి. తెలంగాణ ఆ రెండున్నర లక్షల్లో జీతం పేరుతో ఇచ్చింది 20 వేలే. మిగతా 2.30 లక్షలు నియోజకవర్గ భత్యం. ఆదాయపు పన్ను చట్టం ఇచ్చే మినహాయింపు కింద ఆ భత్యం మీద పన్ను లేదు. పాత పన్ను విధానంలో ఉండే ఎమ్మెల్యేకి వేరే ఆదాయం లేదనుకుంటే, ఏడాదికి పన్ను లెక్కలోకి వచ్చేది 2.40 లక్షలు, అంటే కట్టాల్సింది సున్నా. అదే నెలకు రెండున్నర లక్షలు తెచ్చుకునే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొత్త విధానంలో 2025-26 శ్లాబుల ప్రకారం, సెస్సుతో కలిపి దాదాపు 4.75 లక్షలు కట్టాలి. ఫారం 16 చేతికొచ్చిన ప్రతిసారీ మనం ఏ పన్ను గురించి వాపోతామో, ఆ పన్ను రేట్లు, మినహాయింపులు రాసేది పార్లమెంటే. అక్కడ ఓటేసే ఎంపీల రాబడిలోనూ పెద్ద ముక్క, భత్యాల రూపంలో, దానికి అందకుండా ఉంది.

నియోజకవర్గంలో ఖర్చులుంటాయి కదా అంటారు. ఉంటాయి, కాదనను. పీఏ జీతం, డీజిల్, ఆస్పత్రికి వెళ్లలేక గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లకి ఇచ్చే చేతిఖర్చు, పెళ్లిళ్లు, చావులు. మన దగ్గర ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే ఎంతమంది ఉంటారో చూసినవాళ్లకి తెలుసు. ఖర్చు నిజమే అయితే బిల్లు చూపించడానికి ఇబ్బంది ఏముంది? ప్రభుత్వ టీచర్ టూర్ వెళ్లొస్తే టీఏ బిల్లుకి టికెట్ జత చేయాలి, వీళ్ల భత్యానికి అదేమీ అడగరు.

ఉత్తరప్రదేశ్‌లో ఇంకో అడుగు ముందుకెళ్లారు. 1981లో వి.పి. సింగ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, మంత్రులు పేదవాళ్లన్న కారణంతో వాళ్ల ఆదాయపు పన్ను ఖజానాయే కట్టేలా చట్టం చేశారు. ఆ తర్వాత కాంగ్రెస్, ఎస్పీ, బీఎస్పీ, బీజేపీ ముఖ్యమంత్రులు మారుతూ వచ్చారు, పద్ధతి మాత్రం మారలేదు. 2019లో పత్రికల్లో వచ్చాకే ఆపారు. మధ్యప్రదేశ్‌లో 1972 నుంచీ ఇదే వరస, 2024 జూన్‌లో గానీ ఆగలేదు.

రెండో పద్ధతి ఎంపీలది. 2010లో జీతం 16 వేల నుంచి 50 వేలకు పెంచాలని కేబినెట్ నిర్ణయిస్తే, చాలదని లోక్‌సభలో గొడవ చేశారు. ప్రభుత్వ కార్యదర్శుల కంటే ఒక్క రూపాయి ఎక్కువగా 80,001 కావాలన్నది పార్లమెంటరీ కమిటీ సిఫార్సు. దేశం చూస్తుండగా జరిగిన ఆ గొడవ ఎవరికీ గౌరవం తేలేదు. 2018లో చట్టం మార్చి జీతం లక్ష చేసి, ఐదేళ్లకోసారి ద్రవ్యోల్బణ సూచీని బట్టి దానంతటదే పెరిగేలా పెట్టారు. 2025 మార్చిలో అలాగే 1.24 లక్షలైంది, 2023 ఏప్రిల్ నుంచి వర్తించేలా. మాజీల పెన్షన్ 25 వేల నుంచి 31 వేలకు చేరింది.

సభలో బేరం పోయింది, అది మంచిదే. ఇందులో నన్ను కలవరపెట్టేది వేరే సంగతి. ధరలు పెరుగుతాయి కాబట్టి జీతం పెరగాలి అన్న న్యాయం ఎంపీకి వర్తిస్తే, 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధులకు కేంద్రం తన వాటాగా ఇచ్చే 200 రూపాయల పెన్షన్‌కి ఎందుకు వర్తించదు? ఆ 200 పదిహేనేళ్లకు పైగా అలాగే ఉంది. ఈపీఎఫ్ పెన్షనర్లకు కనీస పెన్షన్ 2014లో వెయ్యి చేశారు, ఆ తర్వాత ఎన్ని ధర్నాలు చేసినా వెయ్యి దగ్గరే నిలబెట్టారు. కరోనా వచ్చాక 2020 మార్చిలో వృద్ధుల రైల్వే రాయితీ ఆపారు, పరిస్థితులు చక్కబడ్డాక కూడా అది తిరిగి రాలేదు. మాజీ ఎంపీల ఉచిత రైలు పాస్ మాత్రం ఎక్కడికీ పోలేదు. కరోనా ఏడాది ఎంపీలు 30 శాతం జీతం వదులుకున్నారు నిజమే, పార్లమెంట్ క్యాంటీన్ సబ్సిడీ కూడా 2021లో ఎత్తేశారు, ఆ రెండూ మెచ్చుకోవాల్సినవే. జీతం కోత ఏడాదితో ముగిసింది, ముసలివాళ్ల రాయితీ కోతకి మాత్రం గడువే లేదు.

అమెరికా పద్ధతి వినడానికి అన్నిటికంటే బాగుంటుంది. జీతం మార్చుకోవచ్చు గానీ మధ్యలో ప్రతినిధుల సభ ఎన్నికలు జరిగాకే అమల్లోకి రావాలి. 1789లో ప్రతిపాదించిన ఈ సవరణ 1992లో గానీ రాజ్యాంగంలోకి ఎక్కలేదు. ఫలితం ఏమైందంటే, 2009 నుంచీ వాళ్ల జీతం ఏడాదికి 1,74,000 డాలర్ల దగ్గరే ఉంది. చట్టప్రకారం ఏటా రావాల్సిన పెంపును ఓటర్లకు భయపడి వాళ్లే ఆపుకుంటున్నారు. మనకిది త్యాగంలా కనిపిస్తుంది. కానీ జీతం గడ్డకట్టిన చోట డబ్బున్నవాళ్లకే పదవి సులువు, పైగా సభ్యులు షేర్ల వ్యాపారం చేయడం మీద అక్కడ తెగని వివాదం నడుస్తూనే ఉంది. ఖర్చుల మీద రెండు పార్టీలకీ కుదరక ప్రభుత్వం మూతపడితే ఫెడరల్ ఉద్యోగుల జీతం ఆగిపోతుంది, బడ్జెట్ పాస్ చేయలేకపోయిన సభ్యుల జీతం మాత్రం ఆగదు. 2025 చివర్లో 43 రోజులు అలా నడిచింది, అక్కడున్న మనవాళ్లు దగ్గర్నుంచి చూశారు. వచ్చే సభకే వర్తించాలన్న ఆ ఒక్క నియమాన్ని తీసుకోవచ్చు, మిగతాది మనకొద్దు.

బ్రిటన్ దెబ్బ తిని నేర్చుకుంది. 2009లో ఎంపీల ఖర్చుల క్లెయిములు డైలీ టెలిగ్రాఫ్ వరసగా బయటపెట్టింది. ఒకరి లెక్కల్లో తన భవంతి చుట్టూ ఉన్న కందకం శుభ్రం చేయించిన ఖర్చు, ఇంకొకరు చెరువులో బాతులకు కట్టించిన ఇంటికి 1,645 పౌండ్లు అడిగారు (అది ఇవ్వలేదనుకోండి). ఏది మొదటి ఇల్లు ఏది రెండో ఇల్లు అన్నది అవసరానికి తగ్గట్టు మార్చి చూపి, పన్ను తప్పించుకున్నారన్న ఆరోపణలూ వచ్చాయి. స్పీకర్ మైకేల్ మార్టిన్ దిగిపోవాల్సి వచ్చింది, కొందరు ఎంపీలు జైలుకెళ్లారు. ఆ ఏడాదే చట్టం చేసి ఇప్సా అనే స్వతంత్ర సంస్థను పెట్టారు. దాని బోర్డులో ఒక మాజీ జడ్జి, ఒక ఆడిటర్, ఒక మాజీ ఎంపీ ఉండాలి, ప్రస్తుత ఎంపీలు ఉండరు. ఎంపీ ఆఫీసు సిబ్బందికి జీతం ఆ సంస్థే నేరుగా ఇస్తుంది, ఏ క్లెయిమ్‌కి ఎంత ఇచ్చారో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు.

ఇక్కడా నాటకం పూర్తిగా పోలేదు. 2015లో ఆ సంస్థ జీతాన్ని 67,060 నుంచి 74,000 పౌండ్లకు పెంచితే ప్రధాని కామెరాన్‌తో సహా చాలామంది వద్దన్నారు, పెంపు మాత్రం వచ్చింది. మేం వద్దన్నాం, వాళ్లే ఇచ్చారు అనడానికి వీలు దొరికింది. అయినా నా ఓటు దీనికే. మాట ఎలా ఉన్నా, ఖర్చు జనం కంటికి కనిపిస్తోంది.

బ్రిటన్ సంస్థను ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టమని నేను అనను. మన దగ్గర ఆ పని చేయగలిగింది ఒకటి ముందే ఉంది, పీఆర్సీ. ఉద్యోగులకు, టీచర్లకు వేతన సవరణ సిఫార్సు చేసే ఆ సంఘానికే ఎమ్మెల్యేల జీతాన్నీ అప్పగించాలి. అదే ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద ఇచ్చే పెంపు శాతం), అదే తేదీ, అవే బకాయిలు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో పీఆర్సీ తేలేదాకా ఇచ్చే మధ్యంతర భృతిగా అప్పటికే 27 శాతం తీసుకుంటున్న ఉద్యోగులకు 23 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చారు, ఫిబ్రవరి 3న వాళ్లు చలో విజయవాడ అని వేలల్లో రోడ్ల మీదకొచ్చారు. ఆ 23 శాతమే సభలో కూర్చున్నవాళ్లకీ వర్తించి ఉంటే చర్చ కొంచెం వేరుగా నడిచేదని నా నమ్మకం. పెన్షన్ సంగతీ అంతే. 2004 సెప్టెంబరు నుంచి చేరిన టీచర్‌కి సీపీఎస్ (జీతంలోంచి వాటా కోసి జమచేసే, ఎంతొస్తుందో ఖాయం కాని పెన్షన్) చాలు అన్నప్పుడు, శాసనసభ్యుడికి ఖాయమైన పెన్షన్ ఏ లెక్కన ఇస్తారో ఎవరూ చెప్పరు.

అలా ముడిపెడితే తమకోసం అందరికీ ఫిట్‌మెంట్ విపరీతంగా పెంచేస్తారు కదా అని ఒక అనుమానం రావచ్చు. అందుకే అమెరికా నియమం కూడా కలపాలి, పెంచినవాళ్లకు కాకుండా వచ్చే సభకు వర్తించాలి. నియోజకవర్గ భత్యానికి బిల్లులు పెట్టాలి, పెట్టనిది జీతంగా లెక్కేసి పన్ను వేయాలి.

ఇది కోర్టుల వల్ల అయ్యే పని కాదు. ఎంపీల పెన్షన్ చెల్లదని వేసిన పిటిషన్‌ను 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అది పార్లమెంటు తేల్చుకోవాల్సిన విషయమంది. 2017లో వరుణ్ గాంధీ లోక్‌సభలోనే లేచి మన జీతం మనం పెంచుకోవడం తప్పు, బయటి సంస్థకివ్వండి అని అడిగారు, మర్నాడే సంగతి మరుగున పడింది. కానీ పంజాబ్ 2022లో ఎన్నిసార్లు గెలిచినా ఒకటే పెన్షన్ అని చట్టం చేసి చూపించింది. ఎమ్మెల్యేల జీతాన్ని పీఆర్సీకి ముడిపెట్టడానికి రాజ్యాంగం మార్చక్కర్లేదు, ఎంపీల జీతాన్ని సూచీకి కట్టినట్టే సభలో ఒక మామూలు బిల్లు చాలు.