మూత్రంలో మంట: బార్లీ నీళ్లా, సిరప్పా, షాపు బిళ్లలా, కల్చరా?

అర్ధరాత్రి మూడోసారి బాత్రూంకి పోయి, నాలుగు చుక్కలు వచ్చి, ఆ నాలుగు చుక్కలకే కళ్లల్లో నీళ్లు తిరిగి, మళ్లీ మంచం మీద వాలగానే ఇంకోసారి వెళ్లాలనిపించే రాత్రులు నాకు కిందటి మే నెలలో వరసగా రెండు గడిచాయి. ఆ రెండు రోజుల్లో ఎవరేం చెబితే అది వాడేశాను. కాబట్టి ఏది ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నాను.

అమ్మ మాట ఒక్కటే: "వేడి చేసిందే, బార్లీ తాగు." అది పూర్తిగా తప్పని అనను. మన ఎండలకి చెమట ఎక్కువ పోయి, నీళ్లు సరిగ్గా తాగకపోతే మూత్రం చిక్కబడి ముదురు పసుపు రంగులో చురుక్కుమంటూ వస్తుంది. సంగతి అంతే అయితే నాలుగు గ్లాసుల నీళ్లో మజ్జిగో పడ్డాక ఒక పూటలో రంగు తేలికపడి మంట పోతుంది. పోకుండా, వెళ్లొచ్చిన ఐదు నిమిషాలకే మళ్లీ ఆగలేనట్టు రావడం, పొత్తికడుపులో నొప్పి, మూత్రం మబ్బుగా ఉండడం కూడా తోడైతే ఇన్‌ఫెక్షన్‌ని అనుమానించాలి. ఎక్కువసార్లు కారణం మన పేగుల్లోనే ఉండే ఇ.కోలై అనే బాక్టీరియా. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో 20 దాకా ఉంటుంది. ఈ గోల మనకే ఎక్కువ ఎందుకో చెప్పడానికి ఆ కొలత చాలు. మంటతో పాటు దురద, తెల్లబట్ట ఉంటే అది వేరే ఇన్‌ఫెక్షన్ అయ్యుండొచ్చు, దానికి మందు కూడా వేరే.

బార్లీ గురించి నా అభిప్రాయం ఏంటంటే, రెండు చెంచాల గింజలు కడిగి లీటరు నీళ్లలో మెత్తబడేదాకా కాచి, వడకట్టి నిమ్మకాయ పిండుకుని తాగితే పనిచేసేది గింజ కాదు, నీళ్లే. నీళ్లని మాత్రం చిన్నచూపు చూడొద్దు. తరచూ ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. రోజూ లీటరున్నర నీళ్లు అదనంగా తాగినవాళ్లకి ఏడాదిలో సగటున 1.7 సార్లు వస్తే, ఎప్పటిలాగే తాగినవాళ్లకి 3.2 సార్లు వచ్చింది. క్రాన్‌బెర్రీ కూడా ఈ కోవలోదే. మాటిమాటికీ వచ్చే ఆడవాళ్లకి మళ్లీ రాకుండా కొంత సాయపడుతుందని 2023 నాటి కొక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసేది) చెప్పింది. అంతేగానీ అప్పటికే అంటుకున్నదాన్ని తగ్గించే మందు కాదది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం నీళ్లు ఎన్ని తాగాలో డాక్టర్నే అడగాలి, కొబ్బరి బోండాల జోలికి కూడా అడక్కుండా పోకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ.

ఇక సిరప్పు. సిట్రాల్కా, ఆల్కాసోల్ లాంటివి మూత్రంలో ఆమ్లగుణాన్ని తగ్గిస్తాయి, దాంతో మంట కాస్త నెమ్మదించొచ్చు. నాకైతే గంటసేపు హాయిగా అనిపించింది. కానీ అది బాక్టీరియాని చంపదు, పైగా అందులో సోడియం ఉంటుంది కాబట్టి బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా తాగేది కాదు. ఇంకో మెలిక ఉంది, ఇది నాకు తర్వాత తెలిసింది: ఈ ఇన్‌ఫెక్షన్‌కి తరచూ రాసే నైట్రోఫ్యూరాంటోయిన్ అనే మందు ఆమ్లగుణం ఉన్న మూత్రంలోనే బాగా పనిచేస్తుంది. ఒక చేత్తో ఆ బిళ్ల, ఇంకో చేత్తో ఈ సిరప్పు వేసుకుంటే మందు బలాన్ని మనమే తగ్గించుకున్నట్టు.

నేను చేసిన అసలు తెలివితక్కువ పని మెడికల్ షాపులో జరిగింది. పక్కన నలుగురు మగవాళ్లు నిలబడి ఉంటే గొంతు తగ్గించి "యూరిన్‌లో మంట" అన్నాను. కౌంటర్ దగ్గర కుర్రాడు ఇంకొక్క ప్రశ్న కూడా అడగకుండా కత్తెరతో స్ట్రిప్పు కోసి నాలుగు బిళ్లలు కవర్లో వేసిచ్చాడు. షుగర్ ఉందా, కడుపుతో ఉన్నానా, ఏదైనా మందు పడదా, ఏమీ అడగలేదు. రెండు రోజులు వేసుకున్నా మంట సగమే తగ్గింది. మూడో రోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే యూరిన్ పరీక్షలో పస్ సెల్స్ (చీము కణాలు) బోలెడున్నాయి, కల్చర్ (మూత్రంలోని సూక్ష్మజీవిని ల్యాబ్‌లో పెంచి, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) రిపోర్టులో మాత్రం 'నో గ్రోత్' అని వచ్చింది. "బిళ్లలు మింగి వచ్చారా?" అందావిడ. మింగినందుకే సూక్ష్మజీవి ల్యాబ్‌లో పెరగలేదు, నా ఒంట్లో మాత్రం ఉంది. ఏ మందుకి లొంగుతుందో తెలిసే దారి నేనే మూసేశాను, ఆవిడ అంచనా మీద మందు మార్చాల్సి వచ్చింది. మన దేశంలో ఈ ఇ.కోలై సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులకి బాగా మొండికేసిందని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నివేదికల్లో ఏటా కనిపిస్తూనే ఉంది, కాబట్టి షాపులో ఇచ్చిన బిళ్ల పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు.

అయితే కల్చర్ ప్రతిసారీ అందరికీ కావాలా అంటే, వద్దు. మిగతా ఆరోగ్యం బాగున్న, వయసులో ఉన్న ఆడవాళ్లకి ఎప్పుడో ఒకసారి వస్తే లక్షణాలు చూసి డాక్టరు మందు రాసేయొచ్చు. మళ్లీ మళ్లీ వస్తున్నా, మందు వేసినా తగ్గకపోయినా, గర్భిణులకి, మగవాళ్లకి, చిన్నపిల్లలకి అయినా కల్చర్ చేయించాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లకీ అదే నా ఓటు. శాంపిల్ ఇచ్చేటప్పుడు శుభ్రంగా కడుక్కుని, మొదట వచ్చేది వదిలేసి, మధ్యలోది సీసాలో పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, అన్నాళ్లూ మంట భరిస్తూ కూర్చోనక్కర్లేదు, శాంపిల్ ఇచ్చేశాక డాక్టరు చెబితే ఆ రోజే బిళ్ల మొదలుపెట్టొచ్చు. నేనైతే ముందు సీసా, తర్వాతే బిళ్ల అంటాను.

చలితో జ్వరం, నడుము పైన ఒక పక్క నొప్పి, వాంతులు ఉంటే మాత్రం ఈ పోలికలన్నీ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి ఉండొచ్చు. మూత్రంలో రక్తం కనిపించినా చూపించుకోవడం వాయిదా వేయొద్దు.

నాకు రాసింది నైట్రోఫ్యూరాంటోయినే, ఐదు రోజులు, తిన్న తర్వాత. సిరప్పు ఆపేయమన్నారు. మూత్రం గోధుమ రంగులో వస్తే కంగారుపడొద్దని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అదో టెన్షన్. మూడో రోజుకి మంట పోయినా బిళ్లలు చివరిదాకా వేసుకున్నాను. అమ్మ లెక్కలో మాత్రం తగ్గింది ఆవిడ కాచిన బార్లీతోనే, ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా డబ్బాలో గింజలున్నాయా అని అడుగుతుంది.