న్యూ పాల్జ్ రాతి ఇళ్లు: పైన సావిడి, కింద వంటిల్లు

అమ్మానాన్నలు వచ్చిన ప్రతిసారీ నయాగరా, వాషింగ్టన్ తిప్పేవాణ్ణి. ఈసారి అక్టోబరులో, న్యూజెర్సీలో మేముండే ఎడిసన్ నుంచి దాదాపు రెండు గంటల దూరంలో ఉన్న న్యూ పాల్జ్‌కి తీసుకెళ్లాను. న్యూయార్క్ త్రూవే హైవే మీద 18వ ఎగ్జిట్. మెయిన్ స్ట్రీట్ దిగువన, వాల్‌కిల్ నదికి కాస్త ఇవతల హ్యూగనాట్ స్ట్రీట్ వస్తుంది. ఆ ఒక్క వీధిలోనే దాదాపు మూడు వందల ఏళ్ల నాటి రాతి ఇళ్లు కట్టినచోటే నిలిచి ఉన్నాయి.

వీధిలో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. కానీ బయటినుంచి ఫోటోలు తీసుకుని వచ్చేస్తే మాత్రం ఈ ప్రయాణం దండగ. గైడ్‌తో వెళ్లండి. టూర్ డుబోయ్ ఫోర్ట్ అనే ఇంటి దగ్గర మొదలవుతుంది. అన్ని ఇళ్లూ లోపల చూపించరు కాబట్టి ఆ రోజు ఏవి తెరుస్తారో ముందే అడిగి బుక్ చేసుకోవడం మంచిది.

హ్యూగనాట్లు అంటే ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్లు. వీళ్లు మతం కోసం సొంత ఊళ్లు వదిలి జర్మనీలోని పాలటినేట్‌లో తలదాచుకున్నారు. ఆ ప్రాంతాన్ని జర్మన్‌లో ఫాల్జ్ అంటారు, ఊరి పేరు దాన్నుంచే వచ్చింది. తర్వాత అమెరికా వచ్చినవాళ్లలో 12 మంది కలిసి 1677లో, ఇక్కడి ఆదివాసులైన ఇసోపస్ మన్సీ ప్రజల దగ్గర ఈ భూమి తీసుకున్నారు. అప్పటి న్యూయార్క్ గవర్నర్ ఆండ్రోస్ ఇచ్చిన పట్టాలో ఉన్నది సుమారు 40,000 ఎకరాలు. బదులుగా ఇచ్చింది వంటపాత్రలు, గొడ్డళ్లు, చొక్కాలు, దుప్పట్లు, కత్తులు వగైరా. గైడ్ ఆ జాబితా చెబుతుంటే, జీవితమంతా రెవెన్యూ శాఖలో పనిచేసిన నాన్న రెండుసార్లు ఆపి మళ్లీ చెప్పించుకున్నారు.

నాకు బాగా నచ్చింది జాన్ హాజ్‌బ్రూక్ ఇల్లు. 1690ల ముందో వెనకో కట్టారని చాలాకాలం అనుకున్నారట. దూలాల్లోని చెట్టు వలయాలు లెక్కపెట్టి 1721 అని తేల్చారు. లోపలి పొయ్యికి అటూ ఇటూ గోడలు ఉండవు. మంట గదిలోకి తెరుచుకుని ఉంటుంది, పైన పొగగూడు మాత్రమే. ఇది డచ్ వాళ్ల పద్ధతి. నిట్టనిలువు కప్పు కింద పెద్ద అటక, అందులో ధాన్యం దాచేవారు. "మన గాదెలాగే ఉందిరా, కాకపోతే నెత్తిమీద పెట్టుకున్నారు" అంది అమ్మ.

ఫ్రెంచివాళ్ల ఇళ్లలో డచ్ పొయ్యి ఏమిటన్నది అక్కడే అర్థమైంది. చుట్టూ ఉన్న డచ్ వాళ్ల పద్ధతులు, భాష వీళ్లకీ వచ్చేశాయి. వీళ్ల చర్చి రికార్డులు మొదట ఫ్రెంచిలో, తర్వాత డచ్‌లో, ఆపైన ఇంగ్లీషులో సాగాయి. మా అబ్బాయి తెలుగు గుర్తొచ్చి కాసేపు నాకు మాట రాలేదు.

ఆ తర్వాత బెవియర్-ఎల్టింగ్ ఇంటి నేలమాళిగలోకి దిగాం. మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను పైనే కూర్చోబెట్టండి. నాన్న దిగలేదు. కింద తక్కువ ఎత్తు కప్పు, వంటపొయ్యి, వెలుతురు అంతంత మాత్రం. బానిసలుగా కొనితెచ్చిన ఆఫ్రికన్లు వండిందీ, పడుకున్నదీ ఇక్కడే. 12 మందిలో ఒకడైన లూయీ డుబోయ్ ఊరు పుట్టకముందే వేలంలో ఇద్దరిని కొన్నాడు. న్యూయార్క్‌లో బానిసత్వం పూర్తిగా రద్దయింది 1827లో. ఈ అల్‌స్టర్ కౌంటీలోనే బానిసగా పుట్టి, తర్వాత బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడిన సోజర్నర్ ట్రూత్ మాతృభాష డచ్. 1826లో చంటిబిడ్డను ఎత్తుకుని యజమాని ఇల్లు వదిలి నడిచి వెళ్లిపోయిందామె. ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీకి ఆమె పేరే. అదే యూనివర్సిటీ 2019లో హాస్టళ్లకున్న ఈ హ్యూగనాట్ కుటుంబాల పేర్లు తీసేయాలని నిర్ణయించింది. మా గైడ్ ఈ భాగాన్ని హడావిడిగా దాటేయలేదు. పై గదులకు ఎంతసేపు ఇచ్చిందో దీనికీ అంతే ఇచ్చింది. టికెట్ డబ్బులు అందుకే ఇచ్చామనిపించింది.

బస విషయంలో మాత్రం పొరపాటు పడ్డాను. చవగ్గా వస్తుందని తీసుకున్న మోటెల్ గదిలో దుప్పట్లు తేమ వాసన. బ్రేక్‌ఫాస్ట్ ఉందని రాసి, తెల్లారేసరికి లేదన్నారు. మళ్లీ వెళితే హడ్సన్ దాటి పోకిప్సీలో దిగుతాను. నది మీది పాత రైలు వంతెన ఇప్పుడు నడకదారి, పెద్దవాళ్లను సాయంత్రం అక్కడ తిప్పవచ్చు. కొండమీద 1869 నుంచి ఉన్న మోహాంక్ మౌంటెన్ హౌస్ హోటల్ అందానికి వంక పెట్టలేం. భోజనాలు కలిపే అయినా, నలుగురికి ఆ ధర మాకు అందనిది.

తిండికి ఇబ్బంది లేదు. మెయిన్ స్ట్రీట్‌లో శాకాహారం దొరుకుతుంది, అమ్మ పులిహోర ఎలాగూ ఉంది. ఆకులు రంగు మారే రోజుల్లో శని, ఆదివారాలు ట్రాఫిక్ కదలదు. పొద్దున పదిలోపు చేరండి.

వెళ్లిపోయే ముందు నాన్న స్మారక స్తంభం దగ్గర ఆగి ఆ 12 పేర్లూ పైకి చదివారు. అదే వీధిలో పైకి నడిస్తే ఆఫ్రికన్ల శ్మశానం. గుర్తుగా బోర్డు ఉంది, పేర్లు చెక్కిన రాళ్లు మాకు కనబడలేదు. అమ్మ చెప్పులు విప్పి, గడ్డి అంచున కాసేపు నిలబడింది.