పాత బండిలో కూలెంట్ లీకు: ఏ రిపేరు నిలిచింది, ఏది నిలవలేదు

నాది కార్బ్యురేటర్ల కాలం నాటి లిక్విడ్ కూల్డ్ మోటార్ సైకిల్, రెండు సిలిండర్లది. కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కారడం మొదలయ్యాక దానికి చేసిన రిపేర్లన్నీ ఇప్పటికి ఎండల్లో, ట్రాఫిక్‌లో, దూర ప్రయాణాల్లో బాగా నలిగాయి. అందుకే ఏది పనికొచ్చిందో ధైర్యంగా రాస్తున్నాను. కూలెంట్‌ను తిప్పే వాటర్ పంప్‌లో మెకానికల్ సీల్ మార్చి, దాంతోపాటే రేడియేటర్ మూత, జాయింట్లలో ఉండే రబ్బరు ఓ-రింగులు కొత్తవి వేయడం పూర్తిగా కలిసొచ్చింది. సిలికాన్ హోస్‌లు (కూలెంట్ పారే మెత్తటి గొట్టాలు) మాత్రం మళ్లీ కొనను. లీకు ఆపుతాయని అమ్మే పొడుల గురించి నా దగ్గర మంచి మాట లేదు.

ముందు లీకు ఎక్కడుందో పట్టుకోవాలి. సగం పని అదే. బొట్టు పడిన చోటే లీకు ఉందనుకుంటే కుదరదు. బండి నడుస్తున్నప్పుడు గాలి కూలెంట్‌ను వెనక్కి తోసేస్తుంది, ముందు రేడియేటర్ దగ్గర కారింది ఇంజిన్ అడుగున తేలుతుంది. నేను ఇంజిన్‌ను కడిగి, బాగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న జాయింట్ల చుట్టూ టాల్కం పౌడర్ చల్లాను. బండిని నిలబెట్టి వేడెక్కేదాకా ఆన్‌లో ఉంచితే, తడి ఎక్కడ పుడుతోందో పౌడర్‌లో చార కట్టి కనబడింది. రేడియేటర్ మూత స్థానంలో బిగించి, లోపల ఒత్తిడి పెంచి చూసే ప్రెషర్ టెస్టర్ చేతికి దొరికితే ఇంకా మేలు, ఇంజిన్ చల్లగా ఉండగానే వెతుక్కోవచ్చు. మూత మీద ముద్రించిన ఒత్తిడిని మాత్రం దాటించొద్దు. చాలా బండ్లలో అది 1.1 బార్‌కు అటూఇటూగా ఉంటుంది.

ఎప్పుడు కారుతోందన్నది కూడా చాలా చెబుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు కారి, వేడెక్కాక ఆగిపోతే అది హోస్ క్లిప్పో, గట్టిపడిపోయిన ఓ-రింగో అయి ఉంటుంది. వేడెక్కాక మాత్రమే కారితే మూతనూ రేడియేటర్‌నూ చూడాలి. బయట ఎక్కడా చుక్క లేకుండా కూలెంట్ తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తూ, రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా తేలుతుంటే అది హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్‌కూ దాని పై భాగానికీ మధ్య ఉండే సీల్) వ్యవహారం. ఆ బాధ ఉన్నవాళ్లకు ఈ సమీక్ష పనికిరాదు.

నా బండిలో అసలు దొంగ వాటర్ పంప్. పంప్ అడుగున చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. పంప్ ఇరుసు మీద రెండు సీల్స్ ఉంటాయి: కూలెంట్ వైపు మెకానికల్ సీల్, ఇంజిన్ ఆయిల్ వైపు ఆయిల్ సీల్. ఆ రంధ్రం ఈ రెంటి మధ్య ఖాళీలోంచి బయటికి తెరుచుకుంటుంది. అక్కడినుంచి కూలెంట్ కారితే మెకానికల్ సీల్ పోయినట్టు, ఆయిల్ కారితే ఆయిల్ సీల్ పోయినట్టు. ఇంత సూటిగా జబ్బు చెప్పే ఏర్పాటు బండిలో ఇంకోటి ఉందా అంటే అనుమానమే. అయినా కొందరు ఆ రంధ్రంలో సీలెంట్ కుక్కి లీకు ఆపేశామంటారు. అప్పుడు కూలెంట్ బయటికి పోయే దారిలేక ఆయిల్ సీల్‌ను దాటి ఇంజిన్‌లోకి దిగుతుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు తిరిగి, బేరింగులకు ఎసరు పెడుతుంది. నేల మీద నాలుగు చుక్కలు పడడమే దానికంటే వెయ్యి రెట్లు నయం.

పంప్ మొత్తం మార్చకుండా సీల్ జత ఒక్కటే మార్చొచ్చా అన్నది నా మొదటి ప్రశ్న. పాత మోడళ్లకు పంప్ మొత్తంగా దొరకడమే కష్టం, దొరికితే ధర చూసి గుండె ఆగుతుంది. సీల్స్ మాత్రం కొలతల్ని బట్టి దొరుకుతాయి. నా అనుభవంలో ఇరుసు బాగుంటే పంప్ మార్చాల్సిన పనిలేదు. పాత సీల్ తీశాక ఇరుసును గోటితో రాసి చూశాను. ఎక్కడా గాడి పడలేదు, ఊపితే బేరింగ్‌లో లూజు లేదు. గాడి పడి ఉంటే కొత్త సీల్ కొన్నాళ్లకే మళ్లీ కారేది.

సీల్ వేయడంలో చేతిపని చాలా నాజూకు. దీనిలో కార్బన్ ముఖం, సెరామిక్ ముఖం ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతాయి. వాటిమధ్య పలచటి కూలెంట్ పొరే కందెన. వేలిజిడ్డు కూడా పడకుండా శుభ్రమైన గుడ్డతో పట్టుకోవాలి. లోపలికి దిగగొట్టేటప్పుడు సీల్ బయటి అంచుకు మాత్రమే ఆనే సాకెట్ ఎంచుకోవాలి, నడుమ మీద దెబ్బ పడితే కొత్త సీల్ అక్కడికక్కడే చస్తుంది. రెండు ముఖాలూ జతగా మార్చాల్సిందే, ఇంపెల్లర్ (కూలెంట్‌ను తోసే రెక్కల చక్రం) వెనకున్న సెరామిక్ ముక్క చూడ్డానికి బాగుంది కదా అని పాతదే ఉంచడం దండగ. ఇంకో సంగతి, కూలెంట్ నింపకుండా ‘ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం’ అనొద్దు. పొడిగా తిరిగితే ఆ ముఖాలు క్షణాల్లో కాలిపోతాయి. కొత్తలో రంధ్రం దగ్గర కాస్త చెమ్మ కనబడి నాకు టెన్షన్ పుట్టించింది కానీ, ముఖాలు కుదురుకున్నాక అది ఆగిపోయింది. మళ్లీ రాలేదు.

రేడియేటర్ మూత గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చిన్న స్ప్రింగు, రెండు రబ్బరు వాల్వులు, అంతే. కానీ దాని పనిని తక్కువ చేయలేం. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంట్ మామూలు ఒత్తిడిలో 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మూత ఒత్తిడి పట్టి ఉంచితే ఆ మరుగు స్థానం ఇంకో ఇరవై డిగ్రీల పైచిలుకు పెరుగుతుంది. స్ప్రింగు నీరసపడితే కూలెంట్ ముందే రిజర్వ్ ట్యాంకులోకి తోసుకొచ్చి, పొంగి, ఓవర్‌ఫ్లో పైపులోంచి నేల మీద పడుతుంది. చూసేవాళ్లకు అది లీకే. చల్లబడ్డాక ట్యాంకులోంచి కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వెనక్కి రానిచ్చేది రెండో వాల్వు. అది మూసుకుపోతే రేడియేటర్ ఖాళీగా, ట్యాంకు నిండుగా ఉంటుంది. ట్యాంకు మాత్రమే చూసి ధీమాగా తిరిగేవాళ్లకు ఇదే దెబ్బ. ఈ రిపేర్లన్నిటిలో పెట్టిన ఖర్చుకు ఎక్కువ ఫలితం ఇచ్చింది మూతే. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు దాన్ని తిప్పొద్దని మళ్లీ చెప్పాలా?

ఇక సిలికాన్ హోస్‌లు. రంగు బాగుంటుంది, వేడికి గట్టిపడవు, పగలవు, ఇవన్నీ నిజమే. కానీ సిలికాన్ మెత్తన. స్క్రూ తిప్పి బిగించే గాడి క్లిప్పుల సందుల్లోంచి అది ఉబుకుతుంది. చల్లబడినప్పుడు బిగుతు తగ్గి, జాయింట్ దగ్గర తడి. బిగిస్తే నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ అదే కథ. చివరికి వాటిని తీసేసి కంపెనీ కొలతలకు చేసిన మామూలు రబ్బరు హోస్‌లు వేసి, స్ప్రింగ్ క్లిప్పులు పెట్టాను. వేడికి హోస్ ఉబ్బినా, చలికి కుదించుకున్నా స్ప్రింగు క్లిప్పు దాంతోపాటు సర్దుకుంటుంది. తొడగడానికి ప్లయర్‌తో కుస్తీ పట్టాలి, అది తప్పితే వంక పెట్టడానికేం లేదు. రేసుల్లో తిప్పేవాళ్లకు సిలికాన్ ఎందుకు నచ్చుతుందో అర్థమవుతుంది. రోజూ వాడే పాత బండికి దాని అవసరం నాకు కనబడలేదు.

హోస్ మార్చినంత మాత్రాన సరిపోదు, అది తొడుక్కునే అల్యూమినియం మూతిని చూడాలి. నా బండిలో అక్కడ తెల్లటి పొక్కు కట్టి ఉంది. సన్నటి ఎమెరీ పేపర్‌తో నునుపు చేశాకే కొత్త హోస్ కుదురుగా కూర్చుంది. ఓ-రింగులైతే గుండ్రని రూపం పోయి, పలకబారి, వంచితే పుటుక్కుమన్నాయి. డ్రెయిన్ బోల్టు కింద రాగి వాషర్ కూడా కొత్తదే వేశాను.

లీకు ఆపే పొడి నేను పోయలేదు, నాకంటే ముందు ఈ బండి వాడినవాళ్లు పోశారు. కూలెంట్ దించినప్పుడు ట్యాంకు అడుగున గోధుమరంగు బురద, సన్నటి ఓవర్‌ఫ్లో పైపులో గడ్డ. దారిమధ్యలో రాయి తగిలి రేడియేటర్‌కు సూదిమొన అంత చిల్లు పడితే, ఇంటికి చేరడానికి పనికొస్తుందేమో. పంప్ సీల్‌కూ, ఓ-రింగుకూ అది మందు కాదు. లీకును పూడ్చే రేణువులకు రేడియేటర్ సన్న గొట్టాలు ఏవో, చిల్లు ఏదో తెలియదు కదా.

కూలెంట్ విషయంలో సిలికేట్లు (తుప్పు పట్టకుండా కలిపే ఒక రకం రసాయనాలు) లేనిదాన్ని, సగానికి సగం ముందే కలిపి అమ్మేదాన్ని వాడుతున్నాను. విడిగా కలుపుకుంటే డిస్టిల్డ్ వాటర్ తప్పనిసరి. బోరు నీళ్లలోని కాల్షియం లోపల పాచులా పేరుకుంటుంది. పాతదాని మీద వేరే రకం కూలెంట్ పోయకుండా, మొత్తం దించి కడిగి నింపాను. దించిన కూలెంట్‌ను నేల మీద వదలకండి. తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అది వాటికి ప్రాణాంతకం.

నింపాక లోపల చిక్కిన గాలి తీయడమే అన్నిటికంటే విసుగు. మూత తీసి ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బండిని అటూ ఇటూ వంచుతూ, హోస్‌లు నొక్కుతూ, బుడగలు ఆగేదాకా పోస్తూ ఉండాలి. థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే వాల్వు) తెరుచుకున్నాక మట్టం ఒక్కసారి కిందికి దిగుతుంది, అప్పుడు మళ్లీ పోయాలి. మర్నాడు పూర్తిగా చల్లబడ్డాక ఇంకోసారి చూసుకోవాలి.

పంప్ కవర్ బోల్టులు చాలా బండ్లలో 6 మిల్లీమీటర్లవి. ఏళ్ల తరబడి అల్యూమినియంలో పట్టేసి ఉంటాయి. పెనిట్రేటింగ్ ఆయిల్ (పట్టేసిన మరల సందుల్లోకి దిగే నూనె) కొట్టి రాత్రంతా వదిలేసి, ముందు కాస్త బిగించే వైపు కదిపి, తర్వాత విప్పండి. తల తెగితే మాత్రం సొంతంగా డ్రిల్లు పెట్టకుండా, లేత్ పని తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. సీల్ మార్చే పని గంటల్లో అయిపోతుంది, తెగిన బోల్టు వారాలు తినేస్తుంది.

ప్రస్తుతానికి నా బండిలో మిగిలినది ఒకటే: సిలిండర్‌కు వెళ్లే కింది పైపులో ఓ-రింగు కూర్చునే చోట చిన్న గుంట పడి ఉంది. బాగా చలి వేసిన రోజుల్లో అక్కడ తడి కనబడుతుంది. మట్టం తగ్గేంత కాదు. కూలెంట్ మార్చే సమయానికి ఆ పైపే కొత్తది వేస్తాను.