గేమింగ్ పీసీ పార్టుల కోసం మార్కెట్ యాత్ర: ఏది ఎక్కడ కొనాలి

పార్టులన్నీ ఒకే షాపులో కొంటే తిరుగుడు తగ్గుతుంది, బేరం కూడా కుదురుతుంది అంటారు. తమ్ముడికి పీసీ కట్టించడానికి పెద్ద కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లొచ్చాక ఆ మాట నేను ఒప్పుకోను. పార్టులన్నీ ఒకేలా చెడిపోవు. ఏది చెడితే ఎవరి దగ్గరికి పరిగెత్తాలో ఆలోచించి షాపు ఎంచుకోవాలి.

బయల్దేరేముందే కొన్ని తేల్చుకున్నాం. మానిటర్ 1080పి, అంటే ఫుల్ హెచ్‌డీ. వాడేది గేములకే కాబట్టి బడ్జెట్‌లో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకే. ప్రాసెసర్ ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600. 2022లో వచ్చిన చిప్, మదర్‌బోర్డులో అది కూర్చునే చోటు పాత ఏఎం4 సాకెట్, ర్యామ్ కూడా పాత తరం డీడీఆర్4. కొత్త సాకెట్ ఏఎం5 ఉన్న బోర్డు తీసుకుంటే ముందుముందు ప్రాసెసర్ మార్చుకోవచ్చు, నిజమే. కానీ ఆ బోర్డుకీ, దానికి కావాల్సిన డీడీఆర్5 ర్యామ్‌కీ పెట్టే డబ్బు చివరికి గ్రాఫిక్స్ కార్డు వాటాలోంచే కోయాలి.

మొదట కింది అంతస్తులోని షోరూంకి వెళ్లాం. ఏసీ, కుర్చీలు, రంగురంగుల లైట్లతో క్యాబినెట్లు. కొటేషన్ చక్కగా ప్రింట్ తీసిచ్చారు. చదివితే 5600 బదులు 5500 ఉంది. "రెండూ ఒకటే సార్, ఆరు కోర్లేగా" అన్నాడు సేల్స్ కుర్రాడు. కోర్లు ఆరే. కానీ ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ (ఎల్3 క్యాష్) 32 ఎంబీకి బదులు 16, గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే దారి పీసీఐఈ 4.0కి బదులు 3.0. గేముల్లో ఆ తేడా తెలుస్తుంది. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్‌గా వేశారు. 8 చొప్పున రెండు వేస్తేనే కదా డ్యూయల్ ఛానల్, అంటే ఒకేసారి రెండు దారుల్లో డేటా, నడిచేది. పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా, ఎస్‌ఎంపీఎస్ దగ్గరైతే "650 వాట్స్" అని తప్ప కంపెనీ పేరే లేదు. కొటేషన్‌లో మోడల్ నంబర్ లేని లైను కనిపిస్తే అక్కడే ఆగి అడగాలి.

అయినా ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఆ షోరూంలోనే కొన్నాం, మోడల్ మేం చెప్పి. ఇది పాడైతే పక్కనున్న పార్టుల్ని కూడా తీసుకుపోగలదు. అందుకే సీల్డ్ బాక్స్, సీరియల్ నంబర్ రాసిన బిల్లు, ఏళ్ల వారంటీ ఉన్నచోటే తీసుకోవాలి. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్ ఊరికే ఇచ్చినా నేను పెట్టను. ఎస్‌ఎంపీఎస్ మీది 80 ప్లస్ స్టిక్కర్ చెప్పేది కరెంటు ఎంత వృథా అవుతుందన్నదే, లోపలి సరుకు నాణ్యత గురించి కాదు.

రెండో అంతస్తులో ఒక ఇరుకు షాపు. కూర్చోడానికి స్టూలు కూడా లేదు గానీ, ఆ పెద్దాయన మొదట అడిగిన ప్రశ్న "ఏ గేములు ఆడతావు బాబూ?" అని. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఆయన దగ్గరే. బీ450 రకం బోర్డు చవకే గానీ పాత స్టాక్ అయితే బయోస్ (పీసీని మొదట లేపే, బోర్డులోని ప్రోగ్రాం) అప్‌డేట్ చేయందే 5600 బూట్ కాదని, దానిలో పీసీఐఈ 3.0 వరకే అని ఆయనే చెప్పి బీ550 చూపించాడు. తక్కువ బేరం ఆడింది ఇక్కడే, ఎక్కువ నమ్మకం కలిగిందీ ఇక్కడే.

అసలు టెన్షన్ పై అంతస్తులో, సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డుల దగ్గర. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించే) పద్ధతికి స్వస్తి చెప్పాక, ఆ పనికి వాడిన కార్డులు మార్కెట్‌లోకి కుప్పలుగా వచ్చాయి. మైనింగ్‌లో వాడినదల్లా చెత్త అనను, కానీ ఫ్యాన్లూ థర్మల్ ప్యాడ్లూ అరిగి ఉండొచ్చు. మేం వెతికింది ఆర్‌టీఎక్స్ 3060. ఇదే పేరుతో 12 జీబీదీ ఉంది, 8 జీబీదీ ఉంది. మెమరీ ఒక్కటే కాదు, ఆ మెమరీకి డేటా వెళ్లే దారి (బస్) కూడా 192 బిట్ నుంచి 128కి పడిపోతుంది. ఒక షాపులో ఆన్ చేసి చూపించమంటే "కొన్నాకే" అన్నారు, వచ్చేశాం. పక్క షాపులో జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరిచి కార్డు వివరాలు చూపించి, కార్డుకి పూర్తి పని పెట్టి పరీక్షించే ఫర్‌మార్క్ అరగంట నడపనిచ్చారు. వేడి అదుపులో ఉంది, ఫ్యాన్ గరగరలాడలేదు, పాత బిల్లు కూడా ఇచ్చారు. తీసేసుకున్నాం. కొత్తదే కావాలంటే ఇంటెల్ ఆర్క్ బీ580 కూడా 12 జీబీనే. కానీ 5600 స్థాయి ప్రాసెసర్లతో కొన్ని గేముల్లో దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ప్రాసెసర్ మీద వేసే భారం వల్ల వెనకబడుతుంది, అందుకే వద్దనుకున్నాం.

బస సంగతి. బస్టాండ్ దగ్గర లాడ్జి చవక, మార్కెట్ వెనకది కాస్త ఎక్కువ. వెనకదే తీసుకున్నాం. అసెంబ్లింగ్ సాయంత్రానికి అయింది, ఏదైనా తేడా వస్తే పొద్దున్నే నడిచి వెళ్లొచ్చు. గది చిన్నదే, వేడినీళ్ల మాట ఎత్తకపోవడం మంచిది. కానీ టేబుల్ ఉంది, త్రీపిన్ సాకెట్ సరిగా ఉంది, మా పనికి అదే ముఖ్యం. షాపులోని మానిటర్ అద్దెకు తెచ్చుకుని రాత్రి గేములు ఆడించి చూశాం.

అసెంబ్లింగ్ కుర్రాళ్లు వైర్లు ముచ్చటగా సర్దారు. ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగ్ ఎక్స్‌ఎంపీ మాత్రం ఆన్ చేయలేదు, 3200 వేగం ర్యామ్ 2133 దగ్గరే నడుస్తోంది. "అన్నయ్యా, నేను పెడతా" అని తమ్ముడే బయోస్‌లోకి వెళ్లి మార్చాడు. దొంగ విండోస్ వేసిస్తామన్నారు, వద్దన్నాం.

తిరుగు ప్రయాణంలో పార్సిల్ సర్వీస్‌కి ఇవ్వకుండా బస్సులో మాతోనే తెచ్చుకున్నాం. గ్రాఫిక్స్ కార్డు విప్పి విడిగా పెట్టుకున్నాం. బరువైన కార్డు స్లాట్‌కి వేలాడుతూ కుదుపులు తింటే స్లాటే విరగొచ్చు. బాక్సులన్నీ మోయడం విసుగే, కానీ వారంటీకి పంపాలంటే అవే కావాలి. ఇంటికొచ్చాక తమ్ముడు కార్డు తిరిగి బిగించి, మానిటర్ కేబుల్‌ని బోర్డుకి కాకుండా కార్డుకే పెట్టాడు.